కరణశుద్ధి

మహానవమి ఉదయాన తెలుగునాట లేత్ మిషను మీద, లారీ స్టీరింగు మీద, దర్జీ కత్తెర మీద, కంసాలి పట్టుకారు మీద పసుపు కుంకుమలు పడతాయి. ఆ అర్చనకు లోకం ఆయుధపూజ అని పేరు పెట్టుకుంది. యుద్ధమన్నది కలలోనైనా ఎరుగని దర్జీ చేతి కత్తెర ఆయుధమెలా అయిందన్న సంశయం పైపైన చూసేవారికి కలగడం సహజమే గాని, సంకల్పాన్ని హృదయం నుంచి లోకంలోకి చేరవేసే సాధనాలన్నీ ఒకే కోవకు చెందినవని ఎరిగిన పెద్దలు పనిముట్టుకూ శస్త్రానికీ నడుమ గీత గీయలేదు. శాస్త్రభాషలో ఆ కోవకు కరణమని పేరు. క్రియ సిద్ధించడానికి అన్నిటికంటె ఎక్కువగా తోడ్పడేదేదో అదే కరణమని వైయాకరణుల నిర్ణయం. నేత్రహస్తాదులు బాహ్యకరణాలు కాగా, మనోబుద్ధిచిత్తాహంకారాలు నాలుగూ కూడి అంతఃకరణమనిపించుకుంటాయి. మనస్సును సైతం ఒక పనిముట్టుగానే లెక్కించి, దానిని చేతబట్టినవాడు వేరే ఉన్నాడని సూచించే ఈ పదంలో వేదాంతం సగం ఇమిడి ఉంది. పదును పెట్టడం, మకిలి తుడవడం, చేతికి అనువుగా మలచుకోవడం అనే పనులు బయట సాగే తీరుననే లోపలా సాగుతాయి గనుక, బయటి సాధనాన్ని శ్రద్ధగా సవరించుకుంటున్నవాడి చేతులను గమనించడం సైతం ఒక విధమైన స్వాధ్యాయమే.

అటువంటి సవరణ పరాకాష్ఠ నందుకున్న రంగం ఒకటి పడమటి దేశంలో పుట్టింది. 1950లలో కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ సరస్సు పరిసరాలలో జెఫ్ కూపర్ అనే మాజీ సైనికాధికారి నడిపిన పిస్టల్ పోటీలలో మొలకెత్తి, 1976లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, కొలంబియా నగరంలో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ సమాఖ్యగా రూపుదాల్చిన ఆ క్రీడకు ప్రాక్టికల్ షూటింగ్ అని పేరు. మనవారికి చిరపరిచితమైన తుపాకి క్రీడ వేరు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో నిలిచినచోటు కదలదు, గురి కదలదు, నట్టనడుమ ఉన్న చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. చెట్టు మీద పక్షిని నిలిపి ద్రోణుడు పెట్టిన పరీక్ష అదే. ఆ పరీక్షలో నెగ్గిన శిష్యుడు కొన్నేళ్ళకు పరుగెత్తే రథం మీద నిలబడవలసి వచ్చింది. ప్రాక్టికల్ షూటింగ్ ఆ రెండవ ఘట్టానికి చెందినది. గోడల చాటు నుంచి, కిటికీల సందుల్లోంచి, పరుగెత్తుతూ, వంగుతూ, ఒక్కొక్కచోట బలహీనమైన చేతితో మాత్రమే పట్టుకుని కాల్చాలి. సవ్యసాచి అన్న బిరుదుకు గల కష్టం ఆ చివరి నియమం చూస్తే తెలుస్తుంది. గోధుమరంగు అట్టలు కొట్టవలసినవి. వాటి పక్కనే, తరచు వాటిని సగం కప్పుతూ, నిలిచిన తెల్ల అట్టలు కొట్టకూడనివి. తెల్లదానికి తగిలితే 10 మార్కులు పోతాయి. రాబట్టుకున్న మార్కులను పట్టిన సెకన్లతో భాగించగా వచ్చినదే ఫలం: 12 తూటాల ఘట్టంలో 60కి 54 తెచ్చుకుని 6 సెకన్లలో ముగించినవాడికి 9, 60కి 60 తెచ్చుకుని 8 సెకన్లు తీసుకున్నవాడికి 7.5. నిశితత్వం, బలం, వేగం అని అర్థమిచ్చే మూడు లాటిన్ పదాలు ఆ సమాఖ్య ధ్యేయవాక్యం. మూడింటిలో ఏ ఒక్కటి మితిమీరినా తక్కిన రెండూ కృశిస్తాయి.

ఈ రంగంలో అడుగు పెట్టినవాడిని మొట్టమొదట పట్టుకునేది ఉపకరణ జ్వరం. విరాటపర్వంలో ఉత్తరుడు జమ్మిచెట్టెక్కి, దాచిన మూట విప్పి, ధగధగలాడే ధనుస్సులను చూసి, ఇది ఎవరిది, ఆ బంగారు బొట్లు పొదిగినది ఎవరిదని ఒక్కొక్కదానినీ పేరుపేరునా అడుగుతాడు; క్రింద నిలిచిన బృహన్నల ఓపికగా ఒక్కొక్కదాని వృత్తాంతం చెబుతాడు. కొత్తగా చేరిన షూటరుదీ అదే స్థితి. ప్రపంచ విజేత పిస్టల్ ఏ కంపెనీది, దాని పిడి మీద గరుకెంత, ట్రిగ్గర్ బిగువెంత అని ప్రశ్నల పరంపర సాగుతుంది. విన్నవన్నీ కొనడమూ సాగుతుంది. గాండీవాన్ని కళ్ళారా చూసి, చేతులారా దించిన ఉత్తరుడు ఆనాడు పగ్గాలు పట్టాడే గాని విల్లు పట్టలేదన్నది గుర్తుంచుకోదగినది. క్రీడ సైతం ఈ జ్వరానికి తనదైన పథ్యం విధించింది. కర్మాగారం నుంచి వచ్చిన రూపానికి దగ్గరగా ఉండవలసిన ప్రొడక్షన్, పాత 1911 పిస్టల్ నమూనాకు కట్టుబడిన క్లాసిక్, రివాల్వర్, 225 మిల్లీమీటర్ల పొడవు, 150 ఎత్తు, 45 మందం గల పెట్టెలో ఇమిడి తీరవలసిన స్టాండర్డ్, దాదాపు అన్నిటికీ అనుమతి ఉన్న ఓపెన్ అంటూ విభాగాలు ఏర్పరచి, ఎవరి పోటీ వారి విభాగంలోనే అని కట్టడి చేసింది. ఒకే గమ్యానికి అధికారిభేదాన్ని బట్టి వేర్వేరు నియమాలు విధించిన మన సంప్రదాయానికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. గృహస్థు నియమాలతో సన్న్యాసినీ, సన్న్యాసి నియమాలతో గృహస్థునూ తూచకూడదన్నదే అక్కడి న్యాయం, ఇక్కడి న్యాయం. ఒర, బెల్టు, మ్యాగజైన్ సంచుల గురించి ఎక్కువ చెప్పవలసినదేమీ లేదు. కన్ను చూడకుండా చెయ్యి వెళ్ళినచోట అవి ఉంటే చాలు.

కరణానికి ఎంత బలముండాలన్న ప్రశ్నకు ఈ క్రీడ చెప్పిన సమాధానం మాత్రం నిలిచి ఆలోచించదగినది. గుండు బరువును గ్రెయిన్లలోనూ, వేగాన్ని సెకనుకు అడుగులలోనూ తీసుకుని, రెంటినీ గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చే సంఖ్యను పవర్ ఫ్యాక్టర్ అంటారు. 124 గ్రెయిన్ల గుండు 1,050 అడుగుల వేగంతో పోతే ఆ సంఖ్య 130.2, 147 గ్రెయిన్ల గుండు 885 అడుగుల వేగంతో పోయినా 130.1. 125 అందుకుంటే మైనర్, 170 అందుకుంటే మేజర్. ఓపెన్ విభాగంలో మేజర్‌కు 160 చాలు. పోటీ జరుగుతుండగా అధికారి పోటీదారు సంచిలోంచి కొన్ని తూటాలు తీసుకుని, ఒకదాని గుండును ఊడబెరికి త్రాసులో తూచి, తక్కినవాటిని క్రోనోగ్రాఫ్ అనే వేగమాపకం మీదుగా కాల్పించి చూస్తాడు. అక్కడ 125కు తగ్గినవాడిని ఎవరూ ఇంటికి పంపరు. అతడు చివరి ఘట్టం దాకా అందరితో కలిసి పరుగెత్తవచ్చు, కాల్చవచ్చు, గురి కొట్టవచ్చు, కాని అతని పేరు ఎదుట ఒక్క మార్కూ పడదు. ఆత్మ బలహీనునకు లభ్యం కాదని ముండకోపనిషత్తు చేసిన ఘోషకు ఇంతకంటె నిష్ఠురమైన భాష్యం దొరకడం కష్టం. దీపం వెలుగుతూ, గంట మోగుతూ, నామాలు క్రమం తప్పకుండా జరుగుతూ, ఆర్తి మాత్రం అవసరమైన గీతకు అంగుళం దిగువన నిలిచిపోయిన పూజామందిరాలు ఎన్ని లేవు! కొందరు తెలివిగలవారు ఎదురుతన్నును వీలైనంత తగ్గించుకోవాలని మందును గింజగింజగా తగ్గిస్తూ సంఖ్యను 125 మీద అంచున నిలుపుతారు. ఎండవేడిమి మారినా, కొలిచే యంత్రం మారినా ఆ అంచు జారుతుందని అనుభవజ్ఞులు 128, 130 దగ్గర ఆగుతారు. నియమాన్ని అక్షరానికి సరిపెట్టుకునే బుద్ధికీ, నియమానికి పైన కొంత ఊపిరి మిగుల్చుకునే బుద్ధికీ ఉన్న తేడా అది.

ఇదే లెక్కలో మరొక రహస్యం ఉంది. అట్ట మీద నడిమి భాగమైన ‘ఎ’ మండలంలో తగిలితే మేజర్‌కైనా మైనర్‌కైనా 5 మార్కులే. దాని బయటి ‘సి’ మండలంలో మేజర్‌కు 4, మైనర్‌కు 3. ఇంకా వెలుపలి ‘డి’లో మేజర్‌కు 2, మైనర్‌కు 1. అనగా, అధికబలం తెచ్చిపెట్టే లాభమంతా కేంద్రం తప్పినవాడికే. నడుమ తగిలినంత మేరకు బలవంతుడికీ అల్పబలుడికీ భేదం నశిస్తుంది. కేంద్రం నుంచి ఎంత దూరం జరిగితే అంతగా బలాబలాలు, తారతమ్యాలు, పోలికలు పొడచూపుతాయి. తపోబలం, విద్యాబలం, వంశబలం అని మనుషులు ఎంచుకునే హెచ్చుతగ్గులన్నీ ఏ మండలంలో పుట్టినవో ఈ నాలుగు అంకెలు చెప్పకనే చెబుతున్నాయి.

బలం కుదిరిన తర్వాత వచ్చేది ప్రతిక్రియ. తూటా పేలిన క్షణాన గుండు ముందుకు పోతుండగా స్లయిడ్ వెనుకకు పరుగెత్తి, ఖాళీ ఇత్తడి తొడుగును బయటికి చిమ్మి, తన క్రింది స్ప్రింగును అణచి, ఆ అణచివేతే తనను తిరిగి ముందుకు తోయగా, మరొక తూటాను మ్యాగజైన్ నుంచి ఎత్తుకుని యథాస్థానంలో బిగుసుకుంటుంది. స్లయిడ్ వెనుకకు పోయేటప్పుడు పిస్టల్ మూతి పైకి లేస్తుంది. ముందుకు వచ్చి తాకేటప్పుడు క్రిందికి తగ్గుతుంది. నేర్పరి అయినవాడు రెండు తూటాల నడుమ తీసుకునే కాలం సెకనులో అయిదో వంతు కంటె తక్కువే కావచ్చు; ఆ లోగా గురి చూసే ముందు సైటు లేచి, దిగి, లేచినచోటికే తిరిగి రావాలి. ఇక్కడే స్ప్రింగు ఎంపికలోని సూక్ష్మం. .45 తూటా వాడే 1911 పిస్టల్‌కు 16 పౌన్ల స్ప్రింగు వాడుక. 9 మిల్లీమీటర్ల తేలిక తూటాతో పోటీపడేవాడు 8, 9, 10 పౌన్ల స్ప్రింగులను బల్ల మీద పక్కపక్కన పరచుకుని, మధ్యాహ్నం వేళ ఒక్కొక్కటీ మార్చి, రెండేసి తూటాలు కాల్చి, అట్ట వంక చూడకుండా ముందు సైటునే చూస్తూ కూర్చుంటాడు. స్ప్రింగు అతిబిగువైతే స్లయిడ్ విసురుగా తిరిగివచ్చి మూతిని లక్ష్యానికి దిగువకు కుంగదీస్తుంది. మరీ వదులైతే స్లయిడ్ వెనుక గోడను మోదుకుని, సైటు పైకెగిరి, దిగిరావడానికి తాత్సారం చేస్తుంది. సరి అయినది దొరికిన క్షణాన సైటు లేచిన గాడిలోకే, తట్టినట్టుగా, వచ్చి నిలుస్తుంది. అతడు మరొక మాట లేకుండా తక్కిన స్ప్రింగులను డబ్బాలో వేసేస్తాడు.

ఇంద్రియనిగ్రహం గురించి మనలో ప్రబలి ఉన్న భ్రమ ఒకటి ఇక్కడ విడిపోతుంది. ఎదురుతన్ను లేకుండా చేసే స్ప్రింగు ఏదీ లోకంలో లేదు. కోపం రాకూడదని, భయం కలగకూడదని, కోరిక మొలకెత్తకూడదని గట్టిగా బిగించిన మనస్సు స్పందన కలిగినప్పుడు కలవరపడి, అవసరమైన దానికంటె క్రిందికి కుంగి, ఆత్మనిందలో పడి కొట్టుకుంటుంది; నియమమే లేని మనస్సు పైకెగిరి దిగిరాదు. ఈ రెండు స్థితులలోనూ లోపించినది తిరిగివచ్చే గుణం. ఆరోగ్యవంతుణ్ణి సంస్కృతంలో స్వస్థుడంటారు. తనలో తాను నిలిచినవాడని దాని వ్యుత్పత్త్యర్థం. చలనమే లేనివాడికంటె, చలించిన మరుక్షణం లేచినచోటికే చేరగలవాడికి ఆ మాట మరింత చక్కగా అతుకుతుంది. గీతలోని ఆరవ అధ్యాయం ఆహారవిహారాలలో, నిద్రలో, జాగరణలో యుక్తతను విధించి, అతిగా తినేవాడినీ అసలే తిననివాడినీ ఒకే వాక్యంలో యోగానికి అనర్హులుగా నిలబెట్టింది. ఉపవాసాల లెక్క గొప్పగా చెప్పుకునేవారికి ఆ శ్లోకపు రెండవ పాదం అంతగా జ్ఞాపకముండదు. ఎన్ని పౌన్ల స్ప్రింగు ఎవరికి తగునన్నది ఏ పుస్తకమూ చెప్పలేదు. తూటా బలం, స్లయిడ్ బరువు, పట్టిన చేతి స్వభావం కలిసి నిర్ణయిస్తాయి గనుక, గురువు దగ్గర కూర్చుని ఒక్కొక్కటిగా మార్చి చూసుకోవలసిందే. బరువు సంగతీ ఇటువంటిదే. 1,330 గ్రాముల ఉక్కు పిస్టల్ ఎదురుతన్నును తనలో ఇముడ్చుకుని చేతికి సుఖమిస్తుంది; ఒక లక్ష్యం నుంచి మరొక లక్ష్యానికి తిప్పవలసి వచ్చినప్పుడు ఆ సుఖమే మందగమనమవుతుంది. స్థైర్యానికీ జాడ్యానికీ సరిహద్దు చాలా సన్ననిది. ఓపెన్ విభాగం వారు గొట్టం చివర బిగించుకునే కాంపెన్సేటర్ కథ ఇంకా విచిత్రం: గుండు వెనుక తరుముకొచ్చే జ్వాలావాయువును పైనున్న రంధ్రాల గుండా ఊర్ధ్వముఖంగా మళ్ళించి, ఏ పేలుడు మూతిని పైకి లేపుతున్నదో ఆ పేలుడు చేతనే దానిని క్రిందికి అదిమిపెడతారు. అది పనిచేయాలంటే వాయువు పుష్కలంగా ఉండాలి గనుక, వారు మందును తగ్గించరు, పెంచుతారు. తనకు కలిగిన అవమానాగ్నిని ఆర్పివేయమన్న నారదుడి తొలి మాట విని ఉంటే ధ్రువుడు తండ్రి ఒడి దగ్గరే ఆగిపోయేవాడు. వినకపోగా ఆ నారదుడే దానికొక ఊర్ధ్వద్వారం చూపాడు గనుక అది తపస్సయింది.

ట్రిగ్గర్ సవరణలో విషయం ఇంకా లోపలికి దిగుతుంది. వేలు తాకిన తర్వాత మొదట కొంత ఖాళీ కదలిక, ఆ పైన గోడలా తగిలే అడ్డు, ఆ అడ్డు విరిగే క్షణం, విరిగిన పిమ్మట మిగిలే వృథా ప్రయాణం, మళ్ళీ తూటాకు సిద్ధమయ్యే చిన్న టిక్కుమనే శబ్దం: ఒక్క నొక్కులో ఇన్ని దశలున్నాయి. లోహతలాలను నునుపు చేసి, స్ప్రింగులను మార్చి, ఖాళీ కదలికలను హరించి, సంకల్పానికీ క్రియకూ నడుమ ఉన్న ఎడాన్ని వీలైనంత తగ్గించడమే అక్కడి పని. అయితే దానికీ ఒక హద్దుంది. మితిమీరి పలచబరచిన కొక్కెం ఒక నొక్కుకు రెండు తూటాలు వదలవచ్చు, నొక్కకుండానే పేలవచ్చు. అప్పుడు అధికారి అతణ్ణి పోటీ నుంచే తొలగించవచ్చు. సంకల్పం పుట్టకముందే జరిగిపోయే క్రియకు సహజత్వమన్న పేరు పెట్టుకుని మురిసే సాధకులు లేకపోలేదు; కరణం కర్తను మించిపోయిన దశ అది. ఇంతకూ ఎంత మెత్తని ట్రిగ్గర్ అమర్చుకున్నా మాననిది మరొకటుంది: పేలుడు రాబోతున్నదన్న ఎరుకతో, పేలకముందే చెయ్యి బిగుసుకుని మూతిని క్రిందికి తోసే దోషం. తూటా పేలితే ఆ కుదుపు పేలుడులో కలిసిపోయి కంటికి కనబడదు; అందుచేత షూటరు తన పిస్టల్‌నూ, తన సైట్లనూ, అమ్మిన దుకాణాన్నీ నిందిస్తూ ఏళ్ళు గడుపుతాడు. దానిని బయటపెట్టడానికి పాతకాపులు ఒక ఉపాయం చేస్తారు. శిష్యుడు అటు తిరిగి నిలుచుండగా మ్యాగజైన్‌లో అసలు తూటాల నడుమ ప్రాణం లేని ఉత్తుత్తి తూటా ఒకటి కలిపి చేతికిస్తారు. మొదటిది పేలుతుంది, రెండవది పేలుతుంది, మూడవ నొక్కుకు ‘టక్’ మన్న చిన్న శబ్దమే వస్తుంది; పేలుడు లేదు గాని మూతి మాత్రం జానెడు క్రిందికి వంగి, వణికి, సిగ్గుపడినట్టు ఆగుతుంది. చుట్టూ నిలిచినవారికి నవ్వు వస్తుంది. పట్టుకున్నవాడికి తనెన్నడూ చూడని తన చెయ్యి కనిపిస్తుంది.

ఫలాపేక్ష అనే మాటను ప్రసాదానికీ పుణ్యానికీ ముడిపెట్టి అలవాటుగా వినేవారు ఈ ‘టక్’ శబ్దం దగ్గర ఒక నిమిషం ఆగవలసి ఉంది. కర్మ ఇంకా జరగలేదు, దాని ఫలం పుట్టనేలేదు. అయినా మనస్సు ఆ ఫలాన్ని ముందుగానే అనుభవించి, దానికి ప్రతిక్రియను కూడా ముందుగానే జరిపివేసింది. రేపటి ఓటమికి నేడే కుంగడం, రాబోయే పొగడ్తకు ఇప్పుడే మెడ వంచడం, ఎవరో అననున్న మాటకు రాత్రంతా జవాబులు కూర్చుకోవడం ఈ జాతివే. ఫలం మంచిదైనా చెడ్డదైనా భేదం లేదు. గురి తప్పించేది దానిని ముందుగా ముట్టుకోవడమే. సుఖదుఃఖాలు ఎడతెగక వస్తున్నంతకాలం ఈ ముందువణుకు వాటి మోతలో కలిసిపోయి తెలియదు. ఏ ఫలమూ రాని రోజు, జపం ఏ అనుభూతినీ ఇవ్వని రోజు, ప్రార్థనకు ఏ జవాబూ లేని రోజు మాత్రమే లోపలి చెయ్యి ఎంత వంగి ఉన్నదో కనిపిస్తుంది. శుష్కదినాలని సాధకులు విసుక్కునే ఆ రోజులను మ్యాగజైన్‌లో ఎవరు కలిపి పెడుతున్నారో ఊహించుకోవచ్చు.

ఇక సైట్లు. వెనుక గాడి, ముందు మొన, దూరాన లక్ష్యం అని మూడు తలాలు. కన్ను ఒక్కసారికి ఒక్క తలాన్నే స్పష్టంగా పట్టగలదు. ముందు మొన మీద దృష్టి నిలిపి, లక్ష్యాన్ని మసకగానే ఉండనివ్వమని ఆ విద్యలోని తొలి పాఠం. జ్ఞాత, జ్ఞానం, జ్ఞేయం అనే త్రిపుటిలో సాధకుడు ఎక్కడ నిలవాలన్న ప్రశ్నకు ఇది ఒక దశలోని సమాధానం: తన గురించిన చింత వెనుక గాడిలా మసకబారాలి, గమ్యం సైతం మసకగానే ఉండవచ్చు, మంత్రమో ఊపిరో ఏ ఆలంబనం చేతిలో ఉన్నదో అది మాత్రం అంచులతో సహా స్పష్టంగా కనిపించాలి. ముందు మొనలో ఎర్రగానో పచ్చగానో మెరిసే సన్నని ఫైబర్ కడ్డీని పొదిగి, వెనుక గాడిని కావాలనే నల్లగా, నిరలంకారంగా వదిలిపెట్టే పోటీదారుల అలవాటులో ఆ ఉపదేశమే ఉంది. 1975లో స్వీడన్‌లో ఎయిమ్‌పాయింట్ సంస్థ తెచ్చిన ఎర్రచుక్క సైటు ఈ పాఠాన్ని తలకిందులు చేసింది. అద్దంలో తేలే చుక్క లక్ష్యం ఉన్న తలంలోనే ఉన్నట్టు కన్నుకు తోస్తుంది గనుక, రెండు కళ్ళూ తెరిచి, లక్ష్యాన్నే స్పష్టంగా చూస్తూ, చుక్క అక్కడికి వచ్చి వాలగా కాల్చడమే దాని పద్ధతి. ఇనుప సైట్ల అలవాటు పోని కొత్తవాడు చుక్కనే చూస్తూ, దాని వణుకునే లెక్కిస్తూ, దాని వెంట తిరుగుతూ అవస్థపడతాడు. ప్రణవాన్ని ధనుస్సుగా, జీవుణ్ణి శరంగా, బ్రహ్మాన్ని లక్ష్యంగా రూపించిన ముండకం, ఆ శరానికి ఉపాసనతో పదును పెట్టమని మొదట చెప్పి, ఏమరుపాటు లేక ఛేదించి శరంలాగే లక్ష్యంలో తన్మయం కమ్మని చివర చెప్పింది. పదును పెట్టేటప్పటి దృష్టీ విడిచేటప్పటి దృష్టీ ఒకటి కావన్నది ఆ క్రమంలోనే ఉంది. ఆలంబనాన్ని విడవవలసిన చోట దాని మెరుగులనే మెచ్చుకుంటూ ఆగినవాడి వద్ద ఎంతటి ఖరీదైన సైటున్నా వెనుకటి మసకే.

సాధనాన్ని పట్టే భంగిమలోనూ ఇటువంటి మలుపే వచ్చింది. కూపర్ పోటీలలో జాక్ వీవర్ అనే పోలీసు ఉద్యోగి తెచ్చిన పద్ధతిలో ఒక చెయ్యి ముందుకు తోస్తుండగా రెండవది వెనుకకు లాగుతుంది; ఆ రెండు బలాల పెనుగులాటలో పిస్టల్ నిలుస్తుంది. చాలాకాలం అదే ప్రమాణమై చెల్లింది. 1980లలో రాబ్ లేథమ్, బ్రయాన్ ఈనోస్ అనే ఇద్దరు ఆ పెనుగులాట మానివేసి, రెండు చేతులనూ సమంగా ముందుకు చాచి, భుజాలను వదులుగా ఉంచి, పిస్టల్‌ను లేవనిచ్చి దానంతట దానినే దిగనిచ్చే భంగిమతో గెలవడం మొదలుపెట్టగా, లోకం క్రమంగా వారి వెంట నడిచింది. ఈనోస్ 1990లో వెలువరించిన పుస్తకంలో ఉపకరణాలకంటె ఎరుకకు, తీర్పు చెప్పకుండా జరుగుతున్నదానిని జరుగుతున్నట్టే చూడడానికి పెద్దపీట వేశాడు. సాక్షిభావమన్న మన మాట అతనికి తెలిసి ఉండనక్కరలేదు. తోపునూ లాగుడునూ సరితూచి నిలిపిన శాంతి, అలసిపోయేదాకా శాంతిగానే ఉంటుంది.

పోటీకి ముందురాత్రి షూటరు బల్ల దగ్గర చివరగా చేసే పని చూడదగినది. తూటా చుట్టుకొలతకు సరిగ్గా తొలిచిన ఉక్కుదిమ్మ ఒకటి ముందు పెట్టుకుని, వందల తూటాలను ఒక్కొక్కటిగా అందులోకి జారవిడుస్తాడు. సరి అయినది ‘టింగ్’ మని తన బరువుతోనే దిగి, తలక్రిందులు చేస్తే తన బరువుతోనే జారిపోతుంది. వెంట్రుకవాసి ఉబ్బినదైనా అంచు దగ్గర ఆగిపోతుంది. దానిని నెట్టి దించడు, పక్కన పెడతాడు. తర్వాత బొటనవేలితో ప్రతి తూటా అడుగునూ తడిమి, ప్రైమర్ పైకి పొడుచుకు వచ్చినదేమోనని చూస్తాడు. సంచితాన్ని ఇలా ఒక్కొక్కటిగా తడిమి చూసుకునే రాత్రులు ఎందరికి ఉన్నాయి! ఇంత చేసినా ఒక మాట మిగులుతుంది. యాదవస్త్రీలను వెంటబెట్టుకుని ద్వారక నుంచి వస్తున్న అర్జునుణ్ణి అడవిదారిలో దొంగలు చుట్టుముట్టినప్పుడు గాండీవం అదే గాండీవం, నారి అదే నారి. ఎక్కుపెట్టడం మాత్రం అతికష్టమైంది, అస్త్రమంత్రాలు స్ఫురించలేదు, అక్షయమన్న తూణీరాలు అడుగంటాయి. ఉపకరణంలో సవరించవలసిన లోపం ఏదీ లేదు. సారథి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మహాప్రస్థానంలో అగ్ని ఎదురై అడగగా అతడు ఆ వింటినీ తూణీరాలనూ నీటిలో విడిచిపెట్టాడు.

ఘట్టం ముగియగానే అధికారి ఒక నియతవాక్యం పలుకుతాడు. ముగించినట్లయితే ఖాళీ చేసి చూపమని దాని భావం. ఎంతటి ప్రపంచ విజేత అయినా అప్పుడు మ్యాగజైన్ తీసివేసి, మిగిలిన తూటాను బయటికి రాల్చి, స్లయిడ్‌ను వెనుకకు లాగి పట్టుకుని, గొట్టం లోపలి చీకటిని అధికారి కళ్ళకు చూపించాలి. అతడు వంగి తొంగిచూసి తల ఊపిన మీదట, మూతిని మట్టిగట్టు వైపే ఉంచి, ఖాళీ గదిపై ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కితే చిన్న లోహశబ్దం. పిస్టల్ ఒరలోకి వెళుతుంది. రేంజ్ క్లియర్ అన్న కేక వినగానే అందరూ అట్టల దగ్గరకు నడిచి, రంధ్రాలు లెక్కించి, అంకెలు రాసుకుని, గోధుమరంగు అట్టల మీద గోధుమరంగు, తెల్లవాటి మీద తెల్లరంగు కాగితపు ముక్కలు అంటించి తూట్లన్నీ కప్పేస్తారు. ఆ అంటించేవారిలో ఇప్పుడే కాల్చినవాడు ఉండడు. అతడు మోకాళ్ళ మీద వంగి, గడ్డిలో పడిన తన మ్యాగజైన్లు ఏరుకుంటూ ఇసుక దులుపుకుంటూ ఉంటాడు.